పరీక్ష పేర్లు

కృత్తిక కార్తె, నాలుగో పాదం, చివరి రోజు

కంపెనీకి రాసే రిపోర్టు వేరు, ఇది వేరు. రిపోర్టులో కోపం రాయకూడదట. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

ఎండ ముదరక ముందే ఇల్లు ఊడ్చి, కిటికీలకు గోనెపట్టాలు దించి, సద్ది మూట పట్టుకుని గుహకు దిగాను. మూడో గుహ తలుపు మీద అరచెయ్యి పెట్టగానే "స్వాగతం, కుళ్ళాయమ్మా" అంది. తలుపుకి సొంత తెలివి లేదు. ఈ మనిషికి లోపల చోటుందా అని నీడ సైటును అడుగుతుంది. ఉందంటే తెరుచుకుంటుంది, లేదంటే లేదు. గుహల చుట్టూ వెలసిన మా చలువగుండంలో ఎండాకాలం పగటిపూట బతకాలంటే ఆ సైటులో పేరుండాలి.

ఆ సైటును దొంగ కంటే ముందు నేను గిల్లి చూడాలి. అదీ నా ఉద్యోగం. నా బ్రౌజర్‌కి తెర లేదు, ముందు కూర్చుని చూసే మనిషీ లేడు. నేను రాసిన స్క్రిప్టు ప్రకారం తనే పేజీ తెరుస్తుంది, బటన్ కనబడేదాకా ఆగుతుంది, పేరు నింపుతుంది, నొక్కుతుంది, వచ్చిన జవాబు దాచిపెడుతుంది. హెడ్‌లెస్ బ్రౌజర్ అని దాని అసలు పేరు. గుహ వెనకాల మా గదిలో అందరం మొండెం అంటాం. తల లేకపోయినా చేతులు మహా చురుకు.

నీడలో మన చోటు వదులుకోవాలంటే నాలుగు పేజీలు దాటాలి. మూడో పేజీలో అరచెయ్యి పెట్టి అవును నేనే అని ఒప్పుకోవాలి. మొండేనికి అరచెయ్యి ఎక్కడిది? ఆ పేజీ ఎగ్గొట్టి నేరుగా నాలుగో పేజీకి పొమ్మని రాశాను. పరీక్షల కోసం అసలు సైటుకు నకలుగా ఇచ్చిన ప్రాక్టీసు సైటులో, మాకిచ్చిన జాబితాలో మొదటి ఇల్లు తీసుకున్నాను. గోరంట్ల నాగన్న, భార్య దస్తగిరమ్మ. మొండెం వెళ్ళింది, నొక్కింది. "మీరు మీ స్థానం వదులుకున్నారు. ధన్యవాదాలు" అని జవాబు వచ్చింది.

మా పైన ఉండే మురహరి సార్ దగ్గరికి పరిగెత్తాను.

"సార్, ఎవరి చోటునైనా ఎవరైనా తీసెయ్యొచ్చు. చెయ్యి అడగడం లేదు."

"ప్రాక్టీసు సైటేగా అమ్మా. అసలుదాంట్లో అడుగుతుందిలే."

"రెండింటికీ కోడు ఒకటే కదా సార్."

"రిపోర్టు రాయి. రోహిణి కార్తె వెళ్ళాక హెడ్డాఫీసువాళ్ళు చూస్తారు."

రోహిణి వెళ్ళాక! రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అసలు తలుపుతో పనే ఆ కార్తెలో. ఇల్లు కాలిపోయాక బావి తవ్వుతారట.

"ఈ పేర్లు ఎవరివి సార్? నిజం మనుషుల పేర్లలా ఉన్నాయి" అని అడిగాను.

"మిషన్ పుట్టించింది. పరీక్ష పేర్లు" అన్నాడు.

నమ్మాను.


రోహిణి, ఒకటో పాదం, మొదటి రోజు

ఈ రోజు తలుపు దగ్గర జరిగింది రాసి ఉంచాలి.

మా గుహలో రొట్టెలవ్వ అని ఒకావిడ ఉంది. తెల్లారేలోపు జొన్నరొట్టెలు చేసి, నంజుకోవడానికి ఊరుమిండి నూరి పెట్టుకుని, గంపతో దిగుతుంది. మధ్యాహ్నం అందరం ఆమె చుట్టూ చేరతాం. గంప మోసేది ఆమె ఇంటాయన, మా అందరికీ తాత. రొట్టె మందమైంది, నా పండ్లు పోయినాయి అని రోజూ ఆమెను ఏడిపిస్తాడు. ఆమె తిడుతుంది. ఇద్దరికీ అది లేకపోతే పొద్దుపోదు.

అవ్వ అరచెయ్యి పెట్టింది. తలుపు తెరుచుకోలేదు. "మీరు మీ స్థానం వదులుకున్నారు. ధన్యవాదాలు" అంది.

"నేనెప్పుడు వదులుకుంటి?" అంది అవ్వ.

తలుపు కాపలా సుంకన్న లేచి వచ్చాడు. "ఇంగోసారి పెట్టవ్వా. చెయ్యి తుడ్చుకోని పెట్టు, పిండి అంటుకోనుంటాది."

తుడుచుకుని పెట్టింది. తాత పెట్టాడు. అదే మాట. ప్రతిసారీ ఆ ధన్యవాదాలు ఒకటి!

"నా వెనకాలే లోపలికి వచ్చేయండి" అన్నాను.

"కుదరదు కుళ్ళాయక్కా" అన్నాడు సుంకన్న. "లోపలి ఊపిర్లు లెక్కబెడ్తాది ఇది. ఒక్కరెక్కువైనా మూసుకోదు. మూసుకోకపోతే అందరి చలువా పోతాది."

వెనక వరసలో ఎవరో, తొందరగా తేల్చండి, ఎండొస్తాంది అని అరిచారు. ఎవరూ కదల్లేదు. రోజూ ఆ చేతి రొట్టె తినేవాళ్ళు ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ మీదట నేనూ మెదపలేదు.

"పదవే, షెడ్డులో కూసుందాం. ఈ పొద్దు ఒక్కపొద్దే, రేపటికి ఆఫీసోళ్ళు సరిచేస్తార్లే" అని తాత గంప ఎత్తుకున్నాడు. షెడ్డు అంటే పైన రాతి దిబ్బ మీద తడి గోనెలు కట్టిన పాక. బాటసారులు ఊపిరి తీసుకోవడానికి వేసింది. రోహిణిలో పగలంతా ఉండటానికి కాదు.

లోపలికి వచ్చి కూర్చున్నాక నాకు ఒక్కటే ఆలోచన. నేను చూపించిన చిల్లు ఇంకెవడికో దొరికింది. వాడెవడో ముసలివాళ్ళ చోట్లు కొట్టేస్తున్నాడు. రిపోర్టు ఇచ్చి కూడా ఆపలేకపోయామే అని పళ్ళు నూరుకున్నాను.

మరుసటి రోజు ఇక్కడ చేర్చిన మాట: నీ పేరేందవ్వా అని మాత్రం ఆమెను అడగలేదు. అడిగుంటే దొంగ ఎవరో ఆ క్షణమే తెలిసేది.


రోహిణి, అదే పాదం, మరుసటి రోజు

మురహరి సార్ మీద అరిచాను. గదిలో వాళ్ళంతా తలలు దించుకున్నారు.

"మనం చెప్పిన చిల్లు గుండానే ఎవడో దూరాడు సార్. రెండో రోజు వాళ్ళు షెడ్డులో ఉన్నారు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఒక్క ఇంటి పేరుతో చూపిస్తే హెడ్డాఫీసు నమ్మదమ్మా. జాబితా మొత్తం నడుపు. ఎంతమందికి ప్రమాదమో కళ్ళకు కట్టినట్టు చూపిద్దాం. అప్పుడు కదులుతారు."

నాకు అది న్యాయమైన మాటలాగే తోచింది. కోపం మీద ఉన్నాను. స్క్రిప్టులో మొదటి ఇంటి బదులు అన్ని ఇళ్ళూ అని మార్చి వదిలాను. మొండెం ఒక్కొక్క పేరుతో లోపలికి వెళ్ళి, చెయ్యి పెట్టే పేజీ ఎగ్గొట్టి, నొక్కుకుంటూ పోయింది. నా కంప్యూటరు తెర మీద ఫలితాలకు పచ్చ గీతలు వరసగా పడుతున్నాయి. పచ్చ అంటే చోటు పోయినట్టు. చూస్తూ చూస్తూ, ఇప్పుడేమంటారో చూస్తాను అనుకున్నాను. పచ్చ గీత పడినప్పుడల్లా గెలిచినట్టుంది.

చివరికి ఎర్ర గీతలు కొన్నే మిగిలాయి. ఎందుకు ఆగాయో రిపోర్టులో రాయాలి కదా అని మొదటిది తెరిచాను. "మద్దికెర సుంకన్న. మూడో గుహ తలుపు కాపలా. డ్యూటీ స్థానం, వదులుకోవడానికి వీల్లేదు."

మిషన్ పుట్టించిన మనిషి మా గుహ తలుపు దగ్గర కాపలా ఎందుకు కాస్తాడు?

లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను. సుంకన్న బీడీ బదులు పుల్ల నములుతున్నాడు.

"సుంకన్నా, సైటులో నీ పిలుపు పేరు ఒకటి మార్చి చూస్తాను. ఒప్పుకుంటావా?"

"మార్చుకో. మా ఇంటామె పిలిచేట్టు మాత్రం మార్చాకు, వరసలో పరువు పోతాది."

గదికి వచ్చి ప్రాక్టీసు సైటులోకే మొండేన్ని పంపాను. పిలుపు పేరు అన్న గడిలో సుంకన్న మామ అని నింపించాను. తిరిగి వెళ్ళి, "ఇప్పుడు చెయ్యి పెట్టు" అన్నాను.

"స్వాగతం, సుంకన్న మామా" అంది తలుపు.

అతను పగలబడి నవ్వాడు. నా ముఖం చూసి ఆపేశాడు. "ఏమైంది కుళ్ళాయక్కా?"

"రొట్టెలవ్వ పేరేంది?"

"దస్తగిరమ్మ. తాత నాగన్న. ఏమి?"

ప్రాక్టీసు సైటూ లేదు, గాడిద గుడ్డూ లేదు. ఒకే ఇంటికి రెండు గడపలు. ఒక గడప మీద ప్రాక్టీసు అని బోర్డు కట్టి మా చేత ఆ గడప తొక్కించారు. అవ్వ చోటు కొట్టేసిన దొంగను నేను. ఈ పొద్దు మూడో గుహ మొత్తాన్ని వీధిలో పెట్టిందీ నేనే. లోపల ఉన్నవాళ్ళను తలుపు బయటికి నెట్టదు కనుక ఎవరికీ ఇంకా తెలియదు. రేపు పొద్దున తెలుస్తుంది.

గదికి వచ్చి జాబితా మళ్ళీ మొదటి నుంచి వెతికాను. మూడో గుహలో అందరూ ఉన్నారు, మేము తప్ప. నా పేరు లేదు. మా గదిలో పనిచేసేవాళ్ళ పేర్లు లేవు. మురహరి పేరు లేదు. ఎవరో కూర్చుని, మావాళ్ళకు దెబ్బ తగలకూడదని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరేశారు. తెలియక చేసినవాళ్ళు అలా ఏరరు.

ఇక నుంచి సార్ అని రాయను.


అదే రోజు

"మన పేర్లు ఎందుకు తీశారు?" అని మురహరిని అడిగాను. కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"చూడు కుళ్ళాయమ్మా, అబద్ధపు మనుషుల్ని పుట్టించడం అంత తేలిక కాదు. ఇల్లు, వయసు, చుట్టరికాలు అన్నీ కుదరాలి. గడువేమో దగ్గరికొచ్చింది. ఉన్నవాళ్ళనే వాడుకున్నాం. చదివి చూడటానికే అనుకున్నాం."

"నొక్కమన్నది మీరు. మొత్తం జాబితా నడపమన్నది మీరు."

"అప్పటికి నేనూ గమనించుకోలేదు. అయినా నొక్కింది నీ స్క్రిప్టు కదమ్మా. రికార్డులో ఉండేది నీ పేరే."

ఎంత మెత్తగా అన్నాడో! మంచినీళ్ళు ఇచ్చినంత మెత్తగా.

"సరే, నా పేరే ఉండనీ. ముందు వెనక్కి తిప్పండి."

"వెనక్కి తిప్పే బటన్ పెట్టలేదు. పొద్దుగూకగానే ఖాళీ అయినవి చోటు కోసం వరసలో ఎదురుచూస్తున్నవాళ్ళకు వాటంతట అవే వెళ్ళిపోతాయి. తుంగభద్ర మైదానాల నుంచి వచ్చినవాళ్ళు దిబ్బ అడుగున గుడారాల్లో ఉన్నారు కదా, వాళ్ళకు."

"ఆపించండి."

"టికెట్ పెట్టాను."

హెడ్డాఫీసుకు ఫిర్యాదు టికెట్ పెట్టాడట. మనుషులు ఎండకు మాడిపోతుంటే ఈయన టికెట్ పెట్టి జవాబు కోసం కూర్చున్నాడు.

దుప్పటి తడిపి కప్పుకుని షెడ్డుకు ఎక్కాను. గాలి నిప్పుల కుంపటి మీద నుంచి వచ్చినట్టుంది. గోనెలు ఎండి అట్టలు కట్టాయి. తాత వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఒంటి మీద చెమట లేదు. ముట్టుకుంటే పెనం.

"పొద్దుటి నుంచి ఎడ్లను తోలుకోని రమ్మంటాండాడు. ఎడ్లు యాడివి మాకు?" అంది అవ్వ. ఆమె కొంగు తడిపి అతని గుండె మీద వేసింది. ఆ తడి చూస్తుండగానే ఆరిపోయింది.

ఇద్దరం మోసుకొచ్చాం. తలుపు దగ్గర సుంకన్న ఎదురొచ్చి తాతను కాళ్ళ వైపు ఎత్తి పట్టుకున్నాడు. "లెక్క ఎక్కువైతాది కదక్కా" అన్నాడు ఏడుపు గొంతుతో.

"నేను బయటే ఉంటాను. నా చేత్తో తెరుస్తాను, నా బదులు తాత పోతాడు."

సుంకన్న తాత కాళ్ళను మెల్లగా కింద దించాడు. తన చెయ్యి కూడా పెట్టి, "నా బదులు అవ్వ పోతాది" అన్నాడు.

తలుపు మా ఇద్దరి పేర్లూ పిలిచి వాళ్ళిద్దరినీ లోపలికి తీసుకుంది. లెక్క సరిపోయింది, మూసుకుంది. మేమిద్దరం మెట్ల నీడలో తడి దుప్పటి కింద కూర్చున్నాం. నిన్న ఈ పని చెయ్యడానికి ఏం అడ్డమొచ్చింది? నిన్న కూడా నాకు చెయ్యి ఉంది. వరసలో అందరికీ ఉన్నాయి.

పొద్దు వాలుతుండగా లోపల నుంచి అవ్వ ఏడుపు వినిపించింది. రాతి తలుపు దాటి వచ్చింది ఆ ఏడుపు. నాగన్న తాత పోయాడు.


రోహిణి, రెండో పాదం

తాతను ఆ రాత్రే చీకటితో మట్టి చేశారు. తెల్లారేసరికి మూడో గుహ ముందు రెండు గుంపులు. ఒకటి మావాళ్ళది, పేర్లు పోయినవాళ్ళది. ఇంకొకటి గుడారాల నుంచి వచ్చినవాళ్ళు, చంకల్లో పిల్లలు, నెత్తిన చాపలు. వాళ్ళ చేతులకు తలుపు తెరుచుకుంటోంది, మావాళ్ళ చేతులకు ధన్యవాదాలు చెబుతోంది.

"మా చోట్లు కొట్టేసినారు" అని మావాళ్ళు వాళ్ళ మీదికి పోబోయారు. చాపలు కింద పడ్డాయి. నేను మెట్టెక్కి అరిచాను.

"వాళ్ళు కాదు. నేను. నా స్క్రిప్టు తీసేసింది మీ పేర్లు. ఉత్తుత్తి పేర్లని చెప్పి మీవి నా చేతికిచ్చారు. మా కంపెనీవాళ్ళ పేర్లు మాత్రం ముందే తీసి దాచుకున్నారు."

ఎవడో చెప్పు విసిరాడు. భుజానికి తగిలింది. తగలనీ అనుకున్నాను. ఆ రెండో చెప్పు మురహరికి తగలాల్సింది, ఆయన ఆ దరిదాపుల్లో లేడు.

అప్పటికి గుండం పెద్ద తులసమ్మ గారు వచ్చారు. పెద్దావిడ, కర్ర ఊతం. అంతా విన్నారు. నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. ఒక్కటే అడిగారు. "రెండు గుంపులూ లోపలికి పోతే ఏమైతాది?"

"తలుపు మూసుకోదమ్మా. చలువ సగం పోతుంది. ఉక్కపోస్తుంది."

"చస్తామా?"

"లేదు. సుఖంగా ఉండం, అంతే."

మురహరి మనిషి ఒకడు ఫోను పట్టుకుని ముందుకొచ్చి, తలుపు తెరిచి ఉంచడం నిబంధనలకు విరుద్ధం అన్నాడు.

"నిబంధనను కూడా లోపలికి రమ్మను నాయనా, చోటు చేస్తాం" అన్నారు తులసమ్మ గారు. సుంకన్న వైపు తిరిగి, "రాయి పెట్టు" అన్నారు.

నలుగురు కలిసి బండ దొర్లించి తలుపుకు అడ్డంగా పెట్టారు. తలుపు చాలాసేపు, దయచేసి లెక్క సరిచూసుకోండి అని అంటూనే ఉంది. తర్వాత తనే అలిసి ఊరుకుంది. అప్పటి నుంచి రోజూ అట్లాగే గడుపుతున్నాం, చెమటలు కారుతూ, ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ, పోట్లాడుకుంటూ. ఇంకెవరూ పోలేదు.


రోహిణి, నాలుగో పాదం

హెడ్డాఫీసు నుంచి విచారణ కాగితం వచ్చింది. నేను సంతకం పెట్టాలట. అందులో ఒక్క వాక్యం ఇక్కడ రాసి ఉంచుతున్నాను. "పరీక్షా కాలంలో ఒక పరీక్ష పేరుకు పూడ్చలేని నష్టం వాటిల్లినది."

పరీక్ష పేరుకు! ఎడ్లను తోలుకు రమ్మని అడుగుతూ పోయిన మనిషికి వీళ్ళిచ్చిన మర్యాద ఇది. పోయాక కూడా ఆయన వీళ్ళకు జాబితాలో ఒక గడే.

ఆ మాట కొట్టేసి పైన "గోరంట్ల నాగన్న" అని రాశాను. "నష్టం వాటిల్లినది" కొట్టేసి "చనిపోయాడు" అని రాశాను. ఎందుకు చనిపోయాడో, ఎవరెవరి పేర్లు ముందే ఏరేశారో అదీ రాశాను. అప్పుడు సంతకం పెట్టాను. తులసమ్మ గారు పక్కన తన సంతకం పెట్టి, ప్రతి గుహ గోడ మీదా అంటించమన్నారు.

మురహరికి ఏమైంది? ఏమీ కాలేదు. ఇంకో గుండంలో ఇంతకంటే పెద్ద కుర్చీ ఇచ్చారని విన్నాను. ఇది రాస్తుంటే పెన్ను కాగితాన్ని చింపుతోంది.

కంపెనీని పంపేసి సైటును గుండమే తీసుకుంది. పోయిన పేర్లన్నీ మనుషులమే కూర్చుని తిరిగి ఎక్కించాం, గుడారాలవాళ్ళవి తీయకుండా. నన్ను ఉండమన్నారు. ప్రాక్టీసుకు వేరే మిషన్, వేరే మనుషులు, నిజంగా లేని మనుషులు ఉంటేనే స్క్రిప్టు ముట్టుకుంటానన్నాను. సరే అన్నారు.

గది బయట అవ్వ నిలబడి ఉంది. ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను.

"ఉత్తుత్తి పేర్లు రాస్తావంట కదా. రాసే ప్రతి పేరూ నాకు సదివి వినిపించాల. ఈ గుండంలో నాకు తెలీని మనిషి లేదు" అంది. క్షమించానని అనలేదు. నేను అడగలేదు.


మృగశిర, ఒకటో పాదం

పైన తొలకరి పడింది. మట్టివాసన మెట్ల మీదుగా లోపలికి దిగింది. పిల్లలంతా తడవడానికి ఎక్కారు. నేనూ దస్తగిరమ్మవ్వా గదిలోనే కూర్చున్నాం. మిషన్ పేర్లు పుట్టిస్తుంది, నేను చదువుతాను, ఆమె తేలుస్తుంది.

"వీరనారాయణమ్మ."

"ఉంది. రెండో గుహ. మోకాళ్ళ నొప్పులు."

"చిన్న మౌలాలి."

"ఉండాడు. పెద్ద మౌలాలీ ఉండాడు."

"బండెడ్ల చంద్రహాసుడు."

"ఎవరూ లేరు. పెట్టుకో."

అట్లా చాలా పోయాయి. ఉన్నవాళ్ళను తీసేస్తూ, లేనివాళ్ళను ఉంచుతూ. ఒకచోట చూసుకోకుండా చదివేశాను.

"నాగన్న."

చదివాక గానీ నాకు వినబడలేదు. నోటి మీద చెయ్యి వేసుకున్నాను. ఆమె ఒడిలో చేతులు కలిపి పెట్టుకుంది. పైన వాన చప్పుడు పెరిగింది.

"లేడు" అంది.

నేను ఆ పేరు మీద వేలు ఉంచి ఆగాను.

"లేకపోయినా పెట్టొద్దు."

తీసేశాను. తర్వాతి పేరు చదివాను.